విదేశంలో ఏడాది పరిశోధన: ఏ వీసా తీసుకోవాలి, ఎవరిని ఏం అడగాలి

విదేశీ యూనివర్సిటీ ప్రొఫెసర్ నుంచి 'మా దగ్గరికి వచ్చి కొన్నాళ్లు పనిచేసుకోండి' అని మెయిల్ వచ్చాకే మన స్కాలర్లకు అసలు చిక్కు మొదలవుతుంది. ముందు తరం అమెరికాకో లండన్‌కో వెళ్లివచ్చిన కుటుంబాల్లో ఈ సంగతులు చెప్పడానికి ఒక బాబాయో మేనమామో ఉంటారు. మన ఇళ్లలో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషి చాలాసార్లు ఆ స్కాలరే. ఇక అడగడానికి మిగిలేది కన్సల్టెన్సీ. వాళ్లకు బాగా తెలిసింది ఎంఎస్ చదువుకు వెళ్లేవారి స్టూడెంట్ వీసా. పీహెచ్‌డీ మధ్యలో ఆరు నెలలో ఏడాదో పరిశోధనకు వెళ్లేవారి లెక్క వేరు. సబాటికల్ మీద వెళ్లే అధ్యాపకుల లెక్క ఇంకా వేరు.

ఈ వ్యాసం ఆ రెండు వర్గాల కోసం. మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే అమెరికా, బ్రిటన్, జర్మనీలకే పరిమితమవుతున్నాం. మేం చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇది: మీది ఏ రకం వీసా అన్నది కాన్సులేట్ కౌంటర్ దగ్గర తేలే విషయం కాదు. చాలాసార్లు అక్కడి యూనివర్సిటీ ఆఫీసులో మీ పేరు మీద ఫారం నింపిన రోజునే అది తేలిపోతుంది. ఆ తర్వాత మార్చుకోవడం కష్టం. అందుకే ఫారం నింపకముందే నాలుగు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. డబ్బు ఎవరిస్తారు? ఎన్ని నెలలు? వెంట ఎవరొస్తారు? తిరిగొచ్చాక మళ్లీ ఆ దేశం వెళ్లే ఆలోచన ఉందా? ఈ నాలుగూ తేలితే వీసా రకం దానంతటదే తేలుతుంది.

ముందు ఇక్కడి సెలవు సంగతి

వీసా దరఖాస్తుకు ముందు ఇక్కడ మీ హోదా ఏమిటో కాగితం మీద ఉండాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సబాటికల్ అనేది అసోసియేట్ ప్రొఫెసర్‌గా లేదా ప్రొఫెసర్‌గా ఏడేళ్ల సర్వీసు పూర్తిచేసిన పర్మనెంట్ అధ్యాపకులకే. ఒకసారికి ఏడాది మించకూడదు. మొత్తం సర్వీసులో రెండేళ్లు దాటకూడదు. ఆ కాలానికి పూర్తి జీతం వస్తుంది. బయట ఫెలోషిప్ తీసుకోవడానికి అనుమతి అడగొచ్చు గానీ మరోచోట రెగ్యులర్ ఉద్యోగంలో చేరకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్లకు స్టడీ లీవ్ ఉంది. తిరిగొచ్చాక కనీసం మూడేళ్లు పనిచేస్తామని దానికి బాండు రాసివ్వాలి.

రిజర్వుడ్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, మనవాళ్లను కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీగా నడిపిస్తున్న చోట ఈ సెలవులు ఎవరికి అందుతాయో వేరే చెప్పనక్కర్లేదు. కాంట్రాక్టు అధ్యాపకులకు సబాటికల్ లేదు. ఈ ఒక్క తేడా వల్ల వీసా రకం కూడా మారిపోతుంది. అది బ్రిటన్ దగ్గర చూద్దాం.

పీహెచ్‌డీ స్కాలర్లకు మరో లెక్క. యూజీసీ జేఆర్ఎఫ్ నిబంధనల్లో, పరిశోధన పని మీద విదేశం వెళ్లడానికి మొత్తం కాలంలో ఏడాది వరకు అకడమిక్ లీవ్ ఉంది. కానీ ఆ నెలలకు ఫెలోషిప్ రాదు, హెచ్ఆర్ఏ రాదు. పైగా ఆ ఏడాది మీ ఫెలోషిప్ గడువులోంచే పోతుంది. అంటే అక్కడ వేరే డబ్బు లేకుండా వెళితే రెండు విధాలా నష్టం. మీది వేరే ఫెలోషిప్ అయితే మీ అవార్డు లెటర్‌లో సెలవు గురించి ఏం రాశారో చూడండి. గైడ్ సంతకంతో, రిజిస్ట్రార్ అనుమతితో సెలవు ఉత్తర్వు చేతికి వచ్చాకే ముందుకు వెళ్లండి. వీసా అధికారికి 'ఈ మనిషి తిరిగి వస్తాడు' అని చెప్పే కాగితాల్లో మొదటిది అదే.

డబ్బు ఇచ్చేవాళ్లే గడువు పెడతారు

మన దగ్గర దీనికి నూరేళ్లనాటి ఉదాహరణ ఉంది. 1913లో అంబేద్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. 1916లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే అక్కడ తలదాచుకోను ఇల్లు దొరకలేదు. మళ్లీ 1920లో లండన్ వెళ్లగలిగారంటే సిడెన్‌హామ్ కాలేజీ జీతంలో మిగుల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ శాహూ మహరాజ్ సాయం, ఒక స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పు కారణం. చదువు ఎప్పుడు ఆపాలో ఆనాడు డబ్బే తేల్చింది. ఈనాడూ డబ్బు ఎక్కడిదన్నదే వీసా షరతులను చాలావరకు తేలుస్తుంది.

మనకు అందుబాటులో ఉన్న పథకాలను ఈ దృష్టితో చూడాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విదేశంలో మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ చేయడానికి మాత్రమే. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ కొన్నాళ్లు వెళ్లివచ్చేవారికి పనికిరాదు. 125 మందికి ఇచ్చే ఈ పథకానికి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. 2022లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలను ఈ పథకం నుంచి తీసేశారు. అంటే కులం మీద పరిశోధన చేసే దళిత విద్యార్థికి దళితుల పేరు మీద ఉన్న స్కాలర్‌షిప్ తలుపు మూసుకుంది. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే లెటర్లు ఇచ్చి, మిగతా 66 మందిని నిధులు ఉంటే చూస్తామన్నారు. దీనిపై పెద్ద దుమారమే రేగింది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా డిగ్రీ చదువులకే.

డిగ్రీ లేకుండా పరిశోధనకు మాత్రమే వెళ్లేవారికి మిగిలేవి ముఖ్యంగా అవతలి దేశాల ఫెలోషిప్‌లు. ఇక్కడ పీహెచ్‌డీలో ఉన్నవారికి అమెరికా వెళ్లడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, 6 నుంచి 9 నెలలు. జర్మనీకి డాడ్ పరిశోధన గ్రాంట్లు ఉన్నాయి. ఇవి దొరికితే వీసా పనిలో సగం బరువు తగ్గుతుంది. డబ్బు రుజువు అవార్డు లెటర్‌తోనే అయిపోతుంది. అయితే షరతులూ వాటితోనే వస్తాయి.

అమెరికా: జె-1లో ఏ విభాగమో అడగండి

పరిశోధనకు వెళ్లేవారికి అమెరికా ఇచ్చేది జె-1. హోస్ట్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు డీఎస్-2019 అనే ఫారం పంపుతుంది. దాని మీద మీ విభాగం రాసి ఉంటుంది. చాలామంది అది చూడకుండానే సంతకం పెడతారు. ఆ ఒక్క మాట వచ్చే రెండేళ్లను తేలుస్తుంది.

'రీసెర్చ్ స్కాలర్' విభాగంలో ఐదేళ్ల వరకు ఉండొచ్చు. కానీ మీరు ఐదు నెలలే ఉండి ప్రోగ్రాం ముగించుకుని వచ్చేసినా, తర్వాత 24 నెలల పాటు మళ్లీ రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లడానికి వీల్లేదు. 'షార్ట్ టర్మ్ స్కాలర్' విభాగంలో గరిష్ఠంగా 6 నెలలే, పొడిగింపు లేదు. కానీ ఆ 24 నెలల అడ్డు కూడా లేదు. కాబట్టి నాలుగైదు నెలల పనికి వెళుతూ, పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ కోసం మళ్లీ వెళ్లాలనుకునే స్కాలర్ షార్ట్ టర్మ్ స్కాలర్ విభాగం అడగడం మేలు. ఏడాది ఉండాల్సిన పని అయితే రీసెర్చ్ స్కాలరే దారి. ఇంకో అడ్డు కూడా ఉంది. గత 12 నెలల్లో ఆరు నెలలకు మించి వేరే జె విభాగంలో అమెరికాలో ఉన్నవారు వెంటనే రీసెర్చ్ స్కాలర్‌గా మొదలుపెట్టలేరు. షార్ట్ టర్మ్ స్కాలర్‌గా ఉన్న కాలం దీనికి లెక్కలోకి రాదు.

వీటికీ 'రెండేళ్ల స్వదేశ నివాసం' షరతుకూ సంబంధం లేదు. రెంటినీ కలిపి గందరగోళపడతారు. ఆ షరతు పడిందంటే, రెండేళ్లు ఇండియాలో ఉన్నాకే హెచ్-1బి లాంటి వర్క్ వీసాకు గానీ గ్రీన్‌కార్డుకు గానీ అర్హత వస్తుంది. అమెరికా ప్రభుత్వం లేదా మన ప్రభుత్వం డబ్బుతో జె-1 మీద వెళ్లేవారికి ఈ షరతు ఉంటుంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఈ కోవలోకే వస్తుంది. గతంలో 'స్కిల్స్ లిస్ట్' పేరుతో చాలా సబ్జెక్టులకు, ఎవరి డబ్బుతో వెళ్లినా, ఇది పడేది. 2024 డిసెంబర్ 9 నుంచి ఆ లిస్టులో ఇండియా లేదు. అందువల్ల హోస్ట్ యూనివర్సిటీ సొంత డబ్బుతోనో ప్రైవేటు ఫౌండేషన్ డబ్బుతోనో వెళ్లేవారికి సాధారణంగా ఈ షరతు ఉండదు. పరిశోధన ముగించుకుని ఇక్కడే పనిచేయాలనుకునేవారికి ఇదేం అడ్డు కాదు. ఆలోచించుకోవాల్సింది అక్కడే ఉద్యోగం చూసుకోవాలనుకునేవారు.

ఖర్చు: జె-1కు సెవిస్ ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. రెండూ కలిపితే దాదాపు ఒక నెల జేఆర్ఎఫ్. దీనికి తోడు 2025 జూలైలో 250 డాలర్ల అదనపు ఫీజుకు చట్టం చేశారు. మీరు దరఖాస్తు చేసేనాటికి అది వసూలు చేస్తున్నారో లేదో అప్పుడు చూసుకోండి. ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. ఇక్కడ విమానం టికెట్‌తో పాటు అమ్మే ట్రావెల్ పాలసీలు అన్నీ ఈ షరతులకు సరిపోవు. కొనేముందు హోస్ట్ ఆఫీసుకు పంపి సరిచూపించుకోండి.

'బి-1 మీద వెళ్లిపో, తేలిగ్గా అయిపోతుంది' అనే సలహా తరచూ వినబడుతుంది. సొంతంగా ఆర్కైవ్స్ చూసుకోవడానికి, సదస్సుకు బి-1 సరిపోతుంది. అమెరికాలో ఎవరి దగ్గరా జీతం, స్టైపెండ్ తీసుకోకూడదు. ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తూ, డిపార్ట్‌మెంట్ డబ్బు తీసుకుంటూ బి-1 మీద ఉంటే అది ఉల్లంఘన. ఆ మచ్చ తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ వెంట వస్తుంది.

బ్రిటన్: సబాటికల్ ఉన్నవారికి ఒక దారి, లేనివారికి ఇంకోటి

లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల కోసం చరిత్ర పరిశోధకులు బ్రిటన్ వెళుతుంటారు. మామూలు విజిటర్ వీసా 6 నెలలకు. అందులోనే అకడమిక్ విజిటర్లకు 12 నెలల వరకు ఇచ్చే వెసులుబాటు ఉంది. అది తమ రంగంలో నిపుణులై, ఇక్కడ విద్యాసంస్థలో పనిచేస్తూ సొంత పరిశోధనకు సబాటికల్ సెలవు మీద వెళ్లేవారికి. వెంట వచ్చే భార్య లేదా భర్తకు, పిల్లలకు కూడా 12 నెలలు ఇస్తారు. బ్రిటన్ సంస్థ జీతం ఇవ్వకూడదు. ఇక్కడ పూర్తి జీతంతో సబాటికల్ మీద వెళ్లే ప్రొఫెసర్‌కు ఇది చక్కగా అమరుతుంది. ఇప్పుడు ముందు చెప్పిన కాంట్రాక్టు అధ్యాపకుడిని గుర్తు తెచ్చుకోండి. అర్హతలు అవే, పరిశోధన అదే. సబాటికల్ ఉత్తర్వు లేకపోవడంతో ఈ దారి ఆయనకు దాదాపు మూసుకున్నట్టే.

పీహెచ్‌డీ స్కాలర్ తన డిగ్రీకి సంబంధించిన పరిశోధన కోసం విజిటర్‌గా 6 నెలల లోపు వెళ్లొచ్చు. అంతకు మించి ఉండాలంటే 'గవర్నమెంట్ ఆథరైజ్డ్ ఎక్స్ఛేంజ్' అనే తాత్కాలిక వీసా చూడాలి. దీనికి హోస్ట్ యూనివర్సిటీ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి. స్కీమును బట్టి 12 లేదా 24 నెలలు ఉండొచ్చు. స్టైపెండ్ తీసుకోవచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు. బ్యాంకులో 1,270 పౌండ్లు 28 రోజులు నిల్వ చూపాలి. స్పాన్సర్ మొదటి నెల ఖర్చు మాది అని సర్టిఫికెట్‌లో రాస్తే అది అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం రాయమని హోస్ట్‌ను అడగండి. వాళ్లకు ఖర్చు లేని పని, మనకు లక్ష రూపాయల పైచిలుకు అప్పు తప్పుతుంది.

ఈ వీసాకు ఆరోగ్య సర్‌చార్జి కూడా కట్టాలి. పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, అంటే రూపాయల్లో లక్ష దాటుతుంది. కుటుంబంలో ఒక్కొక్కరికీ విడివిడిగా, దరఖాస్తు రోజే కట్టాలి. విజిటర్లకు ఈ సర్‌చార్జి లేదు, కానీ అక్కడ జబ్బు చేస్తే ఆస్పత్రి బిల్లు సొంతం. ఇండియా నుంచి 6 నెలలకు మించి వెళ్లేవారికి ఏ వీసాకైనా టీబీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. బ్రిటన్ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్‌లోనే చేయించాలి.

జర్మనీ: 90 రోజుల గీత

హైడల్‌బర్గ్ సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్, గట్టింగెన్‌లో ఆధునిక భారత అధ్యయన కేంద్రం లాంటివి ఉండటంతో సామాజిక శాస్త్రాల స్కాలర్లు జర్మనీ వైపు చూస్తారు. షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. అక్కడికి వెళ్లాక దాన్ని పెంచుకుందాం అనుకోవద్దు. 90 రోజులు దాటే పని అయితే ఇక్కడి నుంచే నేషనల్ వీసా, అంటే డి వీసా తీసుకుని వెళ్లాలి. దాని ఫీజు 75 యూరోలు.

డి వీసాలో కూడా రెండు దారులు. ఒకటి విద్యార్థిగా. దీనికి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. దాదాపు 12 లక్షల రూపాయలు. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి 8 లక్షలని పైన చెప్పుకున్నాం. అంటే ఆ పరిమితిలోని కుటుంబం మొత్తం ఏడాది సంపాదన కన్నా ఎక్కువ డబ్బు ఒకేసారి బ్యాంకులో పడాలి. రెండో దారి పరిశోధకుడిగా, నివాస చట్టం సెక్షన్ 18డి కింద. దీనికి జర్మన్ సంస్థతో హోస్టింగ్ అగ్రిమెంట్ కావాలి. ఖర్చుల సంగతి ఆ ఒప్పందంలోనూ ఫెలోషిప్ లెటర్‌లోనూ చూపుతారు. భార్య లేదా భర్త వెంట రావచ్చు, జర్మన్ భాషా పరీక్ష అక్కర్లేదు, అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు. ఈ పర్మిట్ ఉన్నవారు పరిశోధన పని మీద ఇతర ఈయూ దేశాల్లో కూడా కొంతకాలం ఉండే వీలుంది. ఇంత తేడా ఉన్నా, విద్యార్థిగా రమ్మని మెయిల్ వస్తే చాలామంది అదే పట్టుకుని బ్లాక్డ్ అకౌంట్ కోసం వడ్డీకి తిరుగుతారు. 'నన్ను విజిటింగ్ రీసెర్చర్‌గా తీసుకుని హోస్టింగ్ అగ్రిమెంట్ ఇవ్వగలరా?' అని ముందు అడగండి.

ఆస్తి లేనివాళ్లు ఏం చూపాలి

పొలం పాసుబుక్కు, ఇంటి విలువ సర్టిఫికెట్, చార్టర్డ్ అకౌంటెంట్ లెక్కలు లేకపోతే వీసా రాదని కన్సల్టెన్సీలు భయపెడతాయి. భూమి లేని కుటుంబాల పిల్లలు అక్కడే ఆగిపోతారు. పరిశోధనకు వెళ్లేవారి నుంచి ఆస్తి కాగితాలు తప్పనిసరిగా కోరే నిబంధన అమెరికా జె-1కు లేదు. చూపాల్సింది రెండు: అక్కడి ఖర్చుకు డబ్బుంది, పని అయ్యాక తిరిగి వస్తారు. మొదటిదానికి ఫెలోషిప్ లెటర్ సరిపోతుంది. రెండోదానికి పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్, సెలవు ఉత్తర్వు, తిరిగొచ్చి థీసిస్ ఎప్పుడు ఇస్తారో చెబుతూ గైడ్ రాసిన లెటర్ బలమైన కాగితాలు.

అద్దెకు తెచ్చిన బ్యాంక్ బ్యాలెన్స్, దొంగ స్టేట్‌మెంట్ల జోలికి పోవద్దు. అబద్ధం బయటపడితే అమెరికా ప్రవేశం జీవితాంతం మూసుకుపోవచ్చు. బ్రిటన్ పదేళ్లు నిషేధిస్తుంది. కమిషన్ తీసుకున్న ఏజెంటుకు ఏమీ కాదు. శిక్ష దరఖాస్తు మీద పేరున్న మనిషికే.

పేరు, పాస్‌పోర్టు, కేసులు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, కుల సర్టిఫికెట్‌లో మరోలా ఉండటం మనలో మామూలే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద మీ పేరంతా సర్‌నేమ్‌గా వేసి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని రాస్తారు. అక్కడ బ్యాంకులో, జీతం ఆఫీసులో ఇది నెలల తరబడి తలనొప్పి. హోస్ట్ ఫారం తయారు కాకముందే పాస్‌పోర్టు సరిచేసుకోండి. ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి.

ఉద్యమాల్లో ఉన్నవారికి పెద్ద భయం కేసులు. పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. అయితే ఎఫ్ఐఆర్ ఒక్కటే ఉండి కోర్టు ఇంకా కేసును విచారణకు స్వీకరించకపోతే అది ఈ సెక్షన్ కిందికి రాదని విదేశాంగ శాఖ 2019లో స్పష్టం చేసింది. కోర్టులో కేసు ఉన్నా దారి మూసుకుపోదు. 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు కాలం చెప్పకపోతే సాధారణంగా ఏడాదికే ఇస్తారు. కాబట్టి పిటిషన్‌లోనే పరిశోధన ఎన్ని నెలలో చెప్పి, అంతకాలానికి పాస్‌పోర్టు, ప్రయాణానికి అనుమతి రెండూ అడగాలి. బెయిల్ షరతుల్లో దేశం దాటకూడదని ఉంటే దాన్ని విడిగా సడలించుకోవాలి.

అమెరికా ఫారం శిక్ష పడిందా అని మాత్రమే కాకుండా ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతుంది. ధర్నాలో అరెస్టై సాయంత్రానికి బెయిల్ మీద వచ్చినా అరెస్టు అరెస్టే. నిజం రాసి, ఎఫ్ఐఆర్ కాపీ, కేసు ప్రస్తుతం ఏ దశలో ఉందో చెప్పే కోర్టు కాగితం జతచేయండి. దాచిపెట్టడం వల్ల వచ్చే ప్రమాదం చెప్పడం వల్ల వచ్చే ఆలస్యం కన్నా చాలా పెద్దది.

సోషల్ మీడియా

అమెరికా ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జె వీసాల దరఖాస్తుదారులు ఆ ఖాతాలను పబ్లిక్‌గా ఉంచాలంటున్నారు. కులం మీద, ప్రభుత్వాల మీద రాసేవారికి ఇది ఇబ్బందే. ఖాతా ఉన్నదని చెప్పకుండా దాచడం తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, ఆ పని చేయొద్దు. కానీ మీ ఖాతా పబ్లిక్ అయితే మీ ఒక్కరిదే బయటపడదు. అట్రాసిటీ బాధితుల ఫొటోలు, సాక్షుల ఫోన్ నంబర్లు, ఊళ్ల పేర్లు మన పోస్టుల్లో ఉంటాయి. సెట్టింగ్ మార్చకముందు వాళ్ల గుర్తింపు తెలిపేవన్నీ తీసేయడం మన బాధ్యత.

వెంట వచ్చేవారు

జె-1 మీద వెళ్లేవారి భార్య లేదా భర్తకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు జె-2 వీసా దొరుకుతుంది. జె-2 మీద ఉన్నవారు అనుమతి తీసుకుని ఉద్యోగం చేయొచ్చు. తల్లిదండ్రులను డిపెండెంట్లుగా జె-1 మీద తీసుకెళ్లడం కుదరదు. వాళ్లు విజిటర్లుగా విడిగా వీసా తీసుకోవాల్సిందే.

కులాంతర వివాహం చేసుకున్నవారు, బౌద్ధ పద్ధతిలోనో సభలో దండలు మార్చుకునో పెళ్లి చేసుకున్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వీసా ఆఫీసుకు పెళ్లి ఫొటోలు చాలవు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు పెట్టాక 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడుతుంది. ఇంటివాళ్ల నుంచి ముప్పు ఉన్న జంటలు వకీలుతో మాట్లాడి, ప్రయాణానికి చాలా నెలల ముందే ఈ పని ముగించుకోవాలి.

హోస్ట్ ఎవరన్నదీ వీసా విషయమే

మీ వీసా హోస్ట్ సంస్థ ఇచ్చిన కాగితం మీద నిలబడి ఉంటుంది. అక్కడి ల్యాబులో, డిపార్ట్‌మెంట్‌లో మన దేశం నుంచి వెళ్లిన అగ్రకులస్తులు ఉంటారు. కులం విమానం ఎక్కదని అనుకోవద్దు. వివక్ష ఎదురైతే ఎవరికి చెప్పాలో ముందే తెలుసుకోవాలి. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చాయి. సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్ర బిల్లును గవర్నర్ వీటో చేశారు. బ్రిటన్ సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నా దాన్ని వాడలేదు. రెండు యూనివర్సిటీల నుంచి ఆహ్వానం ఉంటే ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోండి. జె-1లో, పని అదే అయితే ఒక సంస్థ నుంచి మరో సంస్థకు బదిలీ అడిగే వీలుంది. దానికి మొదటి సంస్థ ఇంటర్నేషనల్ ఆఫీసు విడుదల చేయాలి. అందుకే మొదటి వారంలోనే ఆ ఆఫీసులో మీ ఫైలు చూసే అధికారి ఎవరో తెలుసుకుని పరిచయం చేసుకోండి. ప్రొఫెసర్ ద్వారానే అన్నీ నడపొద్దు.

హోస్ట్‌కు రాయాల్సిన మెయిల్

ఆహ్వానం రాగానే, ఫారం నింపకముందే, ఈ ప్రశ్నలు రాసి పంపండి.

ఒకటి, నన్ను ఏ విభాగంలో చూపుతున్నారు, వేరే విభాగం అడగొచ్చా?
రెండు, స్టైపెండ్ ఎవరి నిధి నుంచి వస్తుంది, ప్రభుత్వ నిధి అందులో ఉందా?
మూడు, మొదటి నెల ఖర్చు మీదని లెటర్‌లో రాస్తారా?
నాలుగు, ఇన్సూరెన్స్, వీసా ఫీజు, ఆరోగ్య సర్‌చార్జి మీరు కడతారా, నేను కట్టి తర్వాత తీసుకోవాలా?
ఐదు, కుటుంబం వెంట వస్తే అదనంగా ఎంత డబ్బు చూపాలి?
ఆరు, మీ వివక్ష వ్యతిరేక విధానంలో కులం ఉందా, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

ఇవి అడిగితే ఆహ్వానం వెనక్కి తీసుకుంటారేమోనని మన స్కాలర్లు జంకుతారు. ఇంటర్నేషనల్ ఆఫీసులకు ఇవి రోజూ వచ్చే ప్రశ్నలే. మాట్లాడటం అలవాటున్న ఇళ్ల నుంచి వెళ్లేవాళ్లు జంకు లేకుండా అడిగి, కావాల్సింది రాయించుకుంటున్నారు.

ఫీజులు, గడువులు మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆయా ప్రభుత్వాల సొంత వెబ్‌సైట్‌లో చూసి సరిచూసుకోండి. మీ పని అయ్యాక మీ కాగితాల జాబితాను, కట్టిన ఫీజులను, పట్టిన రోజులను మీ యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో రాసి పెట్టండి. వచ్చే ఏడాది ఆహ్వానం అందుకునే స్కాలర్‌కు ఇంట్లో అడగడానికి ఎవరూ లేకపోయినా హాస్టల్లో ఒక ఫైలైనా ఉంటుంది.